రొయ్య పెంకు కార్బన్‌తో జింక్-ఎయిర్ సెల్: డిసెంబరులో 60 గంటలు, ఆగస్టులో 18 గంటలు. కెటలిస్టు మార్చాలా?

భీమవరం_సెల్:

అందరికీ నమస్కారమండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి మళ్లీ మళ్లీ ఛార్జి చేసే జింక్-ఎయిర్ సెల్ కడుతున్నాం (ఒకవైపు జింక్ రేకు, రెండోవైపు గాలిలోంచి ఆక్సిజన్ తీసుకునే, కెటలిస్టు పూసిన కార్బన్ ఎయిర్ ఎలక్ట్రోడ్ ఉండే బ్యాటరీ). వివరాలన్నీ పెడుతున్నాను, తప్పెక్కడుందో చెప్పండి.

వనామీ రొయ్య పెంకులు కడిగి, ఎండబెట్టి, పొడి కొట్టి, నైట్రోజన్‌లో 800 డిగ్రీల దగ్గర 2 గంటలు కాల్చాం. వచ్చిన బొగ్గుని 1 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కడిగాం (10 గ్రాముల పెంకు పొడికి 50 మి.లీ. లెక్కన). దాని మీద కోబాల్ట్ ఆక్సైడ్ నానో కణాలు, బరువులో 20 శాతం. ఇంకు: 5 మి.గ్రా. కెటలిస్టు, 950 మైక్రోలీటర్ల ఇథనాల్, 50 మైక్రోలీటర్ల 5 శాతం నాఫియాన్ (కణాల్ని అతికించే బైండర్). కార్బన్ పేపర్ మీద చదరపు సెంటీమీటరుకి 1 మి.గ్రా. పూత. ఎలక్ట్రోలైట్ 6 మోలార్ కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్), అందులో 0.2 మోలార్ జింక్ ఎసిటేట్. జింక్ రేకు మందం 0.25 మి.మీ. కరెంటు 10 మిల్లీయాంపియర్లు, 10 నిమిషాలు డిశ్చార్జి, 10 నిమిషాలు ఛార్జి.

మొదట్లో డిశ్చార్జి 1.21 వోల్టులు, ఛార్జి 2.02. 18 గంటలయ్యేసరికి డిశ్చార్జి 1.02కి దిగింది, ఛార్జి 2.31కి ఎక్కింది. ఎలక్ట్రోలైట్ పలచటి టీ రంగుకి తిరిగింది. కార్బన్ పేపర్ బయటివైపు చెమట పట్టినట్టు చిన్న చిన్న బొట్లు. ఇదే బ్యాచ్ కెటలిస్టుతో డిసెంబరులో కట్టిన సెల్ 60 గంటలు నడిచింది.

కెటలిస్టుని ద్రావణంలో ముంచి తిరిగే డిస్కు మీద పరీక్షిస్తే ఓఆర్ఆర్ (ఆక్సిజన్ తీసుకునే చర్య) హాఫ్-వేవ్ 0.80 వోల్టులు, ఓఈఆర్ (ఆక్సిజన్ వదిలే చర్య) 10 మిల్లీయాంపియర్ల దగ్గర 1.64. తేడా 0.84, ఇది ఎంత తక్కువైతే అంత మేలు. ఇది ఎక్కువే కాబట్టి ఇనుము-నైట్రోజన్-కార్బన్‌కి మారిపోమని ల్యాబ్‌లో అంటున్నారు. నాలుగు నెలలే ఉన్నాయి. మారాలా?

---

ఉప్పుటేరు_గట్టు:

ఇప్పుడే మారొద్దండి. 0.84 గొప్ప అంకె కాదు, మంచి కెటలిస్టులు 0.70 దగ్గరికొస్తున్నాయి. కానీ ఒకే బ్యాచ్ డిసెంబరులో 60 గంటలు నడిచి ఆగస్టులో 18 గంటలకే పడిపోయిందంటే, మారింది కెటలిస్టు కాదు, గాలి. ఇనుము-నైట్రోజన్-కార్బన్ పూసినా ఈ ముసుర్లో అదీ మునుగుతుంది.

6 మోలార్ కేఓహెచ్ ద్రావణం పైన సమతుల్యంగా ఉండే తేమ దాదాపు 70 శాతం. గాలిలో తేమ అంతకన్నా తక్కువైతే సెల్ ఎండుతుంది, ఎక్కువైతే నీళ్లు పీలుస్తుంది. డెల్టాలో ముసురు పట్టినప్పుడు రాత్రీ పగలూ 85 పైనే ఉంటుంది. వంటింట్లో ఉప్పు డబ్బా చూడండి: శుభ్రమైన ఉప్పు 75 శాతం దాటాకే చెమ్మగిల్లుతుంది. (కల్లుప్పులో మెగ్నీషియం ఉంటుంది కాబట్టి ఇంకా ముందే నీరు కారుతుంది, దాన్ని కొలతగా పెట్టుకోకండి.) ఉప్పు చెమ్మగిల్లిన రోజున మీ సెల్ కూడా నీళ్లు తాగుతున్నట్టే. ఎలక్ట్రోలైట్ పరిమాణం పెరిగి కార్బన్ పేపర్ రంధ్రాల్లోకి ఎక్కుతుంది.

రంధ్రం మునిగితే ఏమవుతుందంటారా? గాలిలో ఆక్సిజన్ కదిలే వేగంతో పోలిస్తే నీళ్లలో దాని వేగం పదివేల వంతు. పైగా చిక్కటి కేఓహెచ్‌లో ఆక్సిజన్ కరిగేదే బహు తక్కువ. తెల్లారుజామున ఏరేటర్ ఆగిపోతే చెరువులో రొయ్య తేలుతుంది చూశారా, మీ కోబాల్ట్ కణాలదీ అదే అవస్థ. కణం బాగానే ఉంది, ఊపిరే అందడం లేదు. తిరిగే డిస్కు పరీక్షలో ఇది ఎప్పటికీ కనపడదు, ఎందుకంటే అక్కడ కెటలిస్టు ఎలాగూ మునిగే ఉంటుంది.

మునకో, కెటలిస్టు పాడైందో తేల్చడానికి ఒక పూట చాలు. ఆగిపోయిన సెల్ విప్పి ఎయిర్ ఎలక్ట్రోడ్‌ని డీఅయనైజ్డ్ నీళ్లలో మూడుసార్లు, ఒక్కోసారి పావుగంట నానబెట్టి కడగండి. 70 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఆరబెట్టండి. కొత్త ఎలక్ట్రోలైట్, కొత్త జింక్ రేకుతో మళ్లీ బిగించండి. డిశ్చార్జి 1.18 దాకా తిరిగొస్తే అది మునకే. 1.05 దగ్గరే ఉండిపోతే కార్బన్ గానీ కోబాల్ట్ గానీ పోయినట్టు.

ఇంకో మాట. బయటివైపు తెల్ల పొడి లేదు కాబట్టి కార్బనేట్ పేరుకోలేదనుకోకండి. పొటాషియం కార్బనేట్ 43 శాతం తేమ దాటితే చాలు, గాలిలో నీళ్లు పీల్చి కరిగిపోతుంది. ఎండు ప్రదేశాల్లో అది తెల్లటి పెచ్చుగా కనిపిస్తుంది, మన దగ్గర ఆగస్టులో బొట్టుగా ఉంటుంది. ఒక బొట్టుని గాజు పలక మీదకి తీసి 110 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టండి. తెల్లగా మిగిలిన దాని మీద పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే బుసబుసమని పొంగితే కార్బనేట్. లోపలివైపు తెల్లగా కనిపించేది మాత్రం జింక్ ఆక్సైడ్ అయ్యే అవకాశం ఎక్కువ. అది యాసిడ్‌లో చప్పుడు లేకుండా కరుగుతుంది. వేడి చేస్తే పసుపు పచ్చగా తిరిగి, చల్లారాక మళ్లీ తెల్లబడుతుంది.

---

లంక_ల్యాబ్:

పైన చెప్పింది డిశ్చార్జి పడిపోవడానికి సరిపోతుంది. ఛార్జి 2.31కి ఎక్కడానికి, టీ రంగుకీ కారణం వేరే. ఆ రంగు మీ కార్బన్‌దే.

సెల్ వోల్టేజీ లోంచి సుమారు 0.42 తీసేస్తే హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ (వోల్టేజీలు పోల్చే ప్రమాణం) లెక్కలో ఎయిర్ ఎలక్ట్రోడ్ ఎక్కడుందో వస్తుంది. 2.02 అంటే 1.60. 2.31 అంటే 1.89, వైర్ల దగ్గర పోయే వోల్టేజీ కొంత తగ్గించుకోండి. ఆ వోల్టేజీలో కార్బన్ తనే ఆక్సీకరణ చెంది, కొంత కార్బనేట్‌గా, కొంత గోధుమరంగు సేంద్రియ ముక్కలుగా ఎలక్ట్రోలైట్‌లోకి దిగుతుంది. కార్బన్ తరిగేకొద్దీ కోబాల్ట్ కణాలు పట్టు తప్పి రాలిపోతాయి, మిగిలిన వాటి మీద భారం పెరిగి వోల్టేజీ ఇంకా ఎక్కుతుంది, దాంతో కార్బన్ ఇంకా కరుగుతుంది. ఆక్సీకరణ చెందిన కార్బన్ ఉపరితలం నీళ్లని ఇష్టపడుతుంది కాబట్టి మునక కూడా వేగం అందుకుంటుంది. చివరి నాలుగైదు గంటల్లో మీ గ్రాఫు ఒక్కసారిగా విచ్చుకుని ఉంటుంది, చూసుకోండి.

డిశ్చార్జిలో ఆక్సిజన్ తీసుకునే ఓఆర్ఆర్, ఛార్జిలో ఆక్సిజన్ వదిలే ఓఈఆర్, ఈ రెండూ ఒకే కార్బన్ మీద చేయించడమే అసలు ఇబ్బంది. ఓఆర్ఆర్‌కి పొడిగా, గాలి ఆడేలా ఉండాలి. ఓఈఆర్‌కి తడిగా, బుడగలు జారిపోయేలా ఉండాలి. అందుకే 2013లో స్టాన్‌ఫర్డ్‌లో హాంగ్జీ డాయ్ బృందం ఆ రెండు పనులనీ విడదీసి మూడు ఎలక్ట్రోడ్ల సెల్ కట్టింది: డిశ్చార్జికి నానోట్యూబుల మీద కోబాల్ట్ ఆక్సైడ్, ఛార్జికి నికెల్-ఇనుము పొరల హైడ్రాక్సైడ్. మీరూ అదే చెయ్యండి. మీ రొయ్య కార్బన్ డిశ్చార్జికే ఉంటుంది, దాన్ని 1.4 వోల్టుల పైకి ఎక్కనివ్వకండి.

ఛార్జి ఎలక్ట్రోడ్ ఇలా వస్తుంది. 2×3 సెం.మీ. నికెల్ ఫోమ్ ముక్కని 3 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో 10 నిమిషాలు సోనికేట్ చేసి (అల్ట్రాసౌండ్ తొట్టెలో పెట్టి), నీళ్లతో, ఇథనాల్‌తో కడగండి. 40 మి.లీ. నీళ్లలో నికెల్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 0.436 గ్రా., ఫెర్రిక్ నైట్రేట్ నానాహైడ్రేట్ 0.202 గ్రా., యూరియా 0.60 గ్రా. కరిగించండి. నికెల్, ఇనుము నిష్పత్తి 3కి 1. 50 మి.లీ. టెఫ్లాన్ లైనరున్న ఆటోక్లేవ్‌లో ఫోమ్‌ని గోడకి వాల్చి నిలబెట్టి, 120 డిగ్రీల దగ్గర 12 గంటలు ఉంచండి. అడుగున పడుకోబెడితే పైనుంచి రాలే వదులు పొడి పేరుకుని, సెల్‌లో మొదటి బుడగలకే ఊడొస్తుంది. తీశాక ఒక నిమిషం సోనికేట్ చేసి ఆ పొడిని ముందే వదిలించేయండి. ఫోమ్ మీద పసుపు-గోధుమ రంగు సమంగా పట్టి, వేలితో రాస్తే అంటకుండా ఉంటే బాగా వచ్చినట్టు.

దాన్ని సెల్‌లో జింక్‌కీ ఎయిర్ ఎలక్ట్రోడ్‌కీ మధ్య, ఎయిర్ వైపుకి దగ్గరగా పెట్టండి. జింక్ వెనకాల పెడితే డిశ్చార్జిలో ఒక ముఖం కరిగి, ఛార్జిలో రెండో ముఖం మీద పేరుకుంటుంది, రేకు పది ఇరవై సైకిళ్లకే వంకరపోతుంది. ఫోమ్‌కి రెండువైపులా కనీసం 5 మి.మీ. ఖాళీ, పైన బుడగ పోయే రంధ్రం ఉండాలి. కరెంటు మార్చడానికి రెండువైపుల స్విచ్చు ఒకటి, లేదా చిన్న రిలే చాలు.

---

కోనసీమ_కార్బన్:

కార్బన్ తయారీలోనే రెండు లోపాలున్నాయండి, వాటిని సరిచేయకుండా మూడో ఎలక్ట్రోడ్ పెట్టినా సగం లాభమే.

మొదటిది యాసిడ్. పెంకులో కాల్షియం కార్బనేట్ 30 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. 40 వేసుకుంటే 10 గ్రాముల్లో 4 గ్రాములు, అంటే 40 మిల్లీమోల్స్. దాన్ని కరిగించడానికి 80 మిల్లీమోల్స్ యాసిడ్ కావాలి, అంటే 1 మోలార్‌ది కనీసం 80 మి.లీ. మీరు వాడింది 50. కాల్చినప్పుడు ఆ కార్బనేట్ విడిపోయి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, అది బొగ్గుని తొలిచి రంధ్రాలు చేస్తుంది. రొయ్య పెంకుకి ఉన్న గొప్ప సుగుణం అదే, పెంకులో ఉండే కైటిన్ అనే పదార్థం నుంచి నైట్రోజనూ వస్తుంది, రంధ్రాలూ వాటంతటవే వస్తాయి. కానీ మిగిలిన సున్నాన్ని పూర్తిగా తీసేయకపోతే అది రంధ్రంలోనే కూర్చుని నీళ్లని లాగుతుంది, ఎలక్ట్రోలైట్‌లోని కార్బనేట్‌తో కలిసి గట్టిపడి ఆ రంధ్రాన్నే పూడ్చేస్తుంది.

కాబట్టి 10 గ్రాముల పెంకు నుంచి వచ్చిన బొగ్గుకి 2 మోలార్ యాసిడ్ 100 మి.లీ., 60 డిగ్రీల దగ్గర కలియబెడుతూ 6 గంటలు ఉంచండి. వడగట్టి, అదే మళ్లీ ఒకసారి. తర్వాత నీళ్లతో కడుగుతూ, కడిగిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లగా విరగనంత వరకూ ఆపకండి. కోబాల్ట్ ఎక్కించక ముందే 100 మి.గ్రా. బొగ్గుని మూసలో గాలిలో 800 డిగ్రీల దగ్గర పూర్తిగా కాల్చి బూడిద తూచండి. 3 మి.గ్రా. దాటితే కడగడం సరిపోలేదు. ఈ ఒక్క తూకం ప్రతి బ్యాచ్‌కీ రాసి పెట్టుకోండి, ఎందుకంటే ఫ్యాక్టరీ పెంకుల్లో ఒక్కోసారి నల్లబడకుండా వాడే సల్ఫైట్ మందు కూడా మిగిలి ఉంటుంది, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా వస్తుంది. కాల్చకముందు పెంకుల్ని వేడి నీళ్లలో రెండుసార్లు కడిగితే చాలావరకు పోతుంది. 900 డిగ్రీలు దాటించి కాల్చకండి, నైట్రోజన్ పోతుంది.

రెండోది బైండర్. నాఫియాన్ నీళ్లని ప్రేమించే పదార్థం. డిస్కు పరీక్షకి అది సరైనదే, ముసుర్లో నడవాల్సిన ఎయిర్ ఎలక్ట్రోడ్‌కి కాదు. పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) వాడండి. గాలి వైపు పొరకి ఎసిటిలీన్ బ్లాక్ 70 మి.గ్రా.కి 60 శాతం పీటీఎఫ్ఈ డిస్పర్షన్ 50 మి.గ్రా. తూచండి, అంటే పొడి పీటీఎఫ్ఈ 30 మి.గ్రా. ఇథనాల్‌లో కలిపి, చపాతీ పిండిలా సాగే దాకా పిసికి, రోలరుతో పలచగా ఒత్తి కార్బన్ పేపర్ వెనకవైపు అతికించండి. తర్వాత 340 డిగ్రీల దగ్గర అరగంట, నైట్రోజన్‌లో. చాలామంది ఈ వేడి చేసే మెట్టు వదిలేస్తారు. ఆ డిస్పర్షన్‌ని నిలబెట్టడానికి అందులో సబ్బులాంటి పదార్థం కలిపి ఉంటుంది. అది కాలిపోకపోతే నీళ్లు అంటకూడదని వేసిన పొరే నీళ్లని లోపలికి పిలుస్తుంది. చల్లారాక పొర మీద ఒక చుక్క కేఓహెచ్ పెట్టి చూడండి. తామరాకు మీద బొట్టులా గుండ్రంగా నిలబడాలి, పదినిమిషాలైనా పరుచుకోకూడదు.

కెటలిస్టు పూత కూడా పీటీఎఫ్ఈ 10 శాతంతో వేసుకోవచ్చు. అంతకుమించితే కణాల మధ్య కరెంటు దారి తెగుతుంది.

---

భీమవరం_సెల్:

చాలా థాంక్సండి అందరికీ. మొదటి పరీక్ష చేశాను. కడిగి ఆరబెట్టి బిగిస్తే డిశ్చార్జి 1.02 నుంచి 1.13కి వచ్చింది, 1.18 కాలేదు. అంటే రెండూ ఉన్నట్టే కదా? బొట్టు ఆరబెట్టి యాసిడ్ వేస్తే గట్టిగా పొంగింది.

తేమని అదుపు చేయడానికి గదికి ఏసీ పెట్టే వీలు లేదు. సిలికా జెల్ డబ్బాలో సెల్ పెట్టమంటారా?

---

ఉప్పుటేరు_గట్టు:

అవునండి, సగం మునక, సగం నష్టం.

సిలికా జెల్ వద్దు. తేమని 20 శాతానికి దింపేస్తుంది, సెల్ మూడు రోజుల్లో ఎండి ఎలక్ట్రోలైట్ చిక్కబడుతుంది. మీకు కావలసింది ఎండు గాలి కాదు, మీ ఎలక్ట్రోలైట్‌తో సమానమైన తేమ ఉన్న గాలి. దానికి చవకైన దారి ఉంది: సెల్‌లోకి వెళ్లే గాలిని అదే 6 మోలార్ కేఓహెచ్ ఉన్న సీసా గుండా బుడగలుగా పంపండి. ఆ సీసా ఒకేసారి రెండు పనులు చేస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టేస్తుంది, తేమని సరిగ్గా సెల్ అడిగినంతకి తెస్తుంది. ముసుర్లో ఎక్కువ తేమని తనే తాగుతుంది, మే నెల వడగాడ్పులో తక్కువైతే తనే ఇస్తుంది.

అక్వేరియం పంపు, 250 మి.లీ. వాష్ బాటిల్, దాని తర్వాత ఒక ఖాళీ సీసా, ఆపైన సెల్. గాలి ఎక్కువ అక్కర్లేదు. 10 మిల్లీయాంపియర్లకి నిమిషానికి 0.2 మి.లీ. గాలి చాలు, 20 మి.లీ. ఇస్తే నూరు రెట్లు ఇచ్చినట్టు. పంపు లీటర్ల లెక్కన తోస్తుంది కాబట్టి టీ ముక్క పెట్టి ఎక్కువ గాలి బయటికి వదిలేయండి, సెల్ వైపు గొట్టానికి సెలైన్ సెట్టుకుండే రోలర్ బిగించి బుడగలు లెక్కపెట్టండి.

నిమిషానికి 20 మి.లీ. దగ్గర సీసా రోజుకి పట్టే కార్బన్ డయాక్సైడ్ అర మిల్లీమోల్, అది తినే కేఓహెచ్ 1 మిల్లీమోల్. సీసాలో ఉన్నది 1500. ఆ వైపు దిగులు లేదు. ముసుర్లో నీళ్లు రోజుకి 0.13 గ్రాములు చేరతాయి, నెలకి 4 గ్రాములు, అదీ పెద్ద లెక్క కాదు. అయినా వారానికోసారి ఇన్వర్టర్ బ్యాటరీ షాపులో దొరికే హైడ్రోమీటరుతో చూడండి, 1.25 దగ్గర ఉండాలి. యాసిడ్‌లో ముంచినది వాడొద్దు, కొత్తది కొనుక్కుని కేఓహెచ్‌కే ఉంచండి, వాడిన వెంటనే కడగండి.

ద్రావణం చేసేటప్పుడు ఒక సంగతి. కేఓహెచ్ బిళ్లలు మామూలుగా 85 శాతమే, మిగతాది ఎక్కువగా నీరు. 250 మి.లీ. 6 మోలార్‌కి 84 గ్రాములు తూస్తే మీకొచ్చేది 5.1 మోలార్. 99 గ్రాములు వేయాలి. ఎలక్ట్రోలైట్‌కైతే జింక్ ఎసిటేట్ డైహైడ్రేట్ 10.97 గ్రాములు. సీసా మీదున్న శాతం చూసి లెక్క కట్టండి. ఒకే లాట్ బిళ్లలు చివరిదాకా వాడండి, ఎందుకంటే కేఓహెచ్‌లో ఉండే కాస్త ఇనుము కూడా నికెల్, కోబాల్ట్ మీదకి చేరి ఓఈఆర్‌ని మెరుగు చేస్తుంది. నికెల్ విషయంలో ఈ సంగతి 1987లోనే కారిగన్ చూపించారు. లాట్ మారితే మీ పోలిక చెల్లదు.

---

లంక_ల్యాబ్:

సైకిల్ నిడివి గురించి ఎవరూ అనలేదు, నేను చెప్పక తప్పదు. 0.25 మి.మీ. రేకు చదరపు సెంటీమీటరు బరువు 0.178 గ్రాములు. గ్రాముకి 820 మిల్లీయాంపియర్-గంటల లెక్కన 146. మీ 10 నిమిషాల డిశ్చార్జి వాడేది 1.67, అంటే జింక్‌లో ఒక శాతం పైచిలుకు. అంత పైపైన తాకితే ఏ జింకైనా వారాల తరబడి నడుస్తుంది, మీ గ్రాఫు జింక్ గురించి ఏమీ చెప్పదు. గాలి సర్దుకున్నాక ఇదే సెల్‌ని 2 గంటలు, 2 గంటల సైకిల్ మీద కూడా నడపండి. అప్పుడు 20 మిల్లీయాంపియర్-గంటలు, 14 శాతం లోతు. ఆ లోతులో జింక్ ముళ్లు లేచి మధ్యలోని నికెల్ ఫోమ్‌ని తాకుతాయేమో తెలుస్తుంది. తాకితే ఛార్జి వోల్టేజీ పెరగదు, ఒక్కసారిగా సున్నా వైపు పడిపోతుంది. అలా పడితే వెంటనే ఆపేసేలా కింది హద్దు కూడా పెట్టుకోండి, చాలామంది పై హద్దు ఒక్కటే పెడతారు.

---

భీమవరం_సెల్:

సరేనండి. ముందు బొగ్గు మళ్లీ కడిగి బూడిద తూకం వేస్తాను, ఆ తర్వాత పీటీఎఫ్ఈ పొర, కేఓహెచ్ సీసా. ఈ మూడింటితో నాఫియాన్ లేని సెల్ ఒకటి, పాత పద్ధతి సెల్ ఒకటి పక్కపక్కన ఒకే రోజున మొదలుపెడతాను. ఖాళీ సీసా ఎందుకో అర్థం కాలేదు?

---

ఉప్పుటేరు_గట్టు:

బుడగ పగిలినప్పుడు కేఓహెచ్ తుంపర గాలితోపాటు లేస్తుంది, పంపు ఆగితే ద్రావణం వెనక్కి పీల్చుకుంటుంది కూడా. అందుకని పంపుకీ వాష్ బాటిల్‌కీ మధ్య ఒకటి, వాష్ బాటిల్‌కీ సెల్‌కీ మధ్య ఒకటి, రెండు ఖాళీ సీసాలు పెట్టండి. సెల్ వైపు సీసాలో కాస్త గాజు ఊలు వదులుగా కుక్కండి. పంపుని సీసాల కన్నా ఎత్తులో పెట్టండి, మన కరెంటు రాత్రిపూట ఎప్పుడు పోతుందో తెలియదు.